అమ్మగార్ల వారం

మే 26, శనివారం

ఈ యేడు కలూష్ జట్టులో, అదే పండక్కి ఇంటింటా ఆడి జబ్బులు దించే ఆటగాళ్ళలో, మూగవాడి వేషం మా ఆయనకి పడింది. ఊరంతా ఒకటే నవ్వు. ఇన్నాళ్ళూ ఆ వేషం కట్టిన మిత్రు స్ట్రాబెర్రీలు కోయడానికి స్పెయిన్ వెళ్ళిపోయాడు. ఇంకెవరున్నారని అడిగితే జట్టు పెద్ద దోబ్రె మామ మా ఆయన త్రయాన్‌నే చూపించాడట. ట్రాక్టర్ నడుపుతూ ఇంజన్ మోతకంటే గట్టిగా కబుర్లు చెప్పే మనిషి. నిద్రలో కూడా బేరాలాడతాడు. అలాంటివాడు పండగ వారమంతా నోరు మెదపకూడదు. నీ చెవులకి సెలవులొచ్చాయి పోవే అన్నారు కొట్టు దగ్గర ఆడవాళ్ళు.

సాయంత్రం పొలంలో జెండా కట్టారు. కర్ర చివర తెల్లగుడ్డ, మాచిపత్రి, వెల్లుల్లి. ఆడవాళ్ళు దగ్గరికి పోకూడదు, అందుకని రోడ్డు మీదనుంచే చూశాను. ఒక్కొక్కడూ కర్ర పట్టుకుని ప్రమాణం చేశాడు. త్రయాన్ మేకతోలు ముసుగు వేసుకుని, మాట లేకుండా చెయ్యి పెట్టాడు.

ముసుగు వేసుకునే ముందు నావైపు చూసి కన్నుకొట్టాడు.

మే 28, సోమవారం

ఇంటింటికీ తిరిగి ఆడుతున్నారు. కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో కర్రలు, వెనక ఫిడేలు. మా ఆయన చెక్క కత్తితో ముసలమ్మల పావడాలు ఎత్తబోతుంటే వాళ్ళు చచ్చేట్టు నవ్వుతున్నారు. ఇంటికొచ్చాక మాత్రం పులుసు తాగి, గోడకేసి చూస్తూ కూర్చుంటాడు. ఉప్పు కావాలంటే వేలు చూపిస్తాడు.

మొదటి రోజు నాకూ నవ్వొచ్చింది. ఇవాళ రేడియో పెట్టుకున్నాను.

మే 30, బుధవారం

బట్టలుతికాను. అత్తయ్య గొడవ చేసింది. ఈ వారం అమ్మగార్లదట, గాల్లో, చేలల్లో తిరిగే ఆడ దేవతలది. ఆడది నీళ్ళలో చెయ్యి పెట్టకూడదట, సూది పట్టకూడదట, కాదంటే కాళ్ళూ చేతులూ పడిపోయేట్టు చేస్తారట. వాళ్ళ అసలు పేరు ఇక్కడ ఎవరూ పలకరు. నేనూ పలకను, అలవాటు. కానీ రేపట్నుంచి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో డబుల్ షిఫ్ట్, సూది పట్టకుండా ఎలా కుదురుతుంది? అమ్మగార్లకేం, షిఫ్టులు లేవు కదా అన్నాను. అత్తయ్య సిలువ గీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దుప్పట్లు ఆరేశాను. గాలి లేదు. మల్బరీ ఆకు ఒక్కటి కూడా కదలడం లేదు. మధ్య దుప్పటి ఒక్కటే పొంగింది, వెనక ఎవరో ఆడమనిషి మొహం ఆనించి నుంచున్నట్టు. ముక్కు, నోరు తెలుస్తున్నాయి. పక్కకి లాగి చూశాను. ఎవరూ లేరు. గడ్డి మాత్రం గుండ్రంగా అణిగి ఉంది.

తడి దుప్పట్లే తీసేసి లోపల వేశాను.

మే 31

కుడికాలు లేదు. ఉంది గానీ నాది కాదు. సూదితో పొడిచి చూసుకున్నాను.

జూన్ 1

టౌన్ ఆసుపత్రి. స్కాన్ తీశారు. ఏమీ లేదన్నారు. డాక్టరమ్మ మంచిది, ఇంకా టెస్టులు చెయ్యాలి, భయపడకు అంది. త్రయాన్ పక్కనే కూర్చుని నా చెయ్యి వదల్లేదు. ఆమె ఏదడిగినా తలూపాడు. ఈయనకి మాట రాదా అని నన్నడిగింది. పండగండీ అన్నాను. ఆమెది ఈ ప్రాంతమే అనుకుంటా, ఇంకేం అడగలేదు.

జూన్ 3, ఆదివారం

రాత్రికల్లా ఇదంతా రాసేయాలి. తర్వాత నేనే నమ్మనేమో.

అత్తయ్య వెళ్ళి దోబ్రె మామ కాళ్ళ మీద పడిందట. పొద్దున్నే జట్టు వచ్చింది. పెరట్లో తివాచీ పరిచి నన్ను పడుకోబెట్టారు. ఫిడేలువాడు ఒక్కో పాటా వాయిస్తూ పోయాడు. దోబ్రె మామ నా కాలి వేళ్ళనే చూస్తున్నాడు. ఒక పాట దగ్గర బొటనవేలు కదిలింది. నేను కదపలేదు. ఇదే అన్నాడు ఆయన.

చుట్టూ తిరిగి ఆడారు. నా మీదనుంచి దాటారు. కొత్త కుండలో నీళ్ళు, వెల్లుల్లి వేసి తల దగ్గర పెట్టారు. ఆట బాగా ఊపులో ఉండగా దోబ్రె మామ కర్రతో కుండ పగలగొట్టాడు. నీళ్ళు నా మొహం మీద పడ్డాయి. లేచి పరిగెత్తాను. నిజంగానే, గేటు దాకా.

వెనక్కి తిరిగి చూస్తే త్రయాన్ కిందపడి ఉన్నాడు.

కుండ పగిలినప్పుడు ఆటగాళ్ళలో ఒకడు పడతాడు, తర్వాత వాణ్ణి లేపుతారు. ఎప్పుడూ ఉన్నదే. త్రయాన్‌నీ లేపారు. మాచిపత్రి నలిపి మొహానికి రాశారు. లేచాడు, నడిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

దోబ్రె మామ ఒక్కడే కొట్టలేదు. మూగవాడు పడటం తనెప్పుడూ చూడలేదని వెళ్తూ వెళ్తూ అత్తయ్యతో అన్నాడట.

జూన్ 5, మంగళవారం

జెండా దించి పాతిపెట్టారు. అందరి ప్రమాణాలూ విడిపోయాయి. ఆఖర్న మూగవాణ్ణి జట్టు పెద్ద పేరు పెట్టి పిలుస్తాడు, వాడు ఓయ్ అంటాడు. అంతటితో పండగ అయిపోతుంది.

త్రయాన్ ఓయ్ అనలేదు. దోబ్రె మామ మళ్ళీ పిలిచాడు. కుర్రాళ్ళు నవ్వారు, వేళాకోళం చాలు పలకరా అని వీపు మీద చరిచారు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి.

జూన్ 6

ఇవాళా లేదు.

జూన్ 20

గొంతు బాగానే ఉందన్నారు డాక్టర్లు. నేను శుభ్రంగా నడుస్తున్నాను, ఫ్యాక్టరీకి పోతున్నాను. పక్క మిషన్ ఆవిడ నా కాళ్ళకేసి అదోలా చూస్తుంది.

ఆయన బాధలో ఉన్నట్టు లేడు, అదే నా భయం. పక్క గదిలో ఎవరో మాట్లాడుతుంటే చెవి పెట్టినట్టుంటాడు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి రాగానే లేచి పోతాడు. ఎక్కడికో చెప్పడు. చెప్పడు అని రాస్తున్నాను చూడు.

జూలై 1, ఆదివారం

వెంట వెళ్ళాను. గోధుమ చేను, కోతకొచ్చింది. రోడ్డు మీద పురుగు లేదు. ఆయన చేలోకి నడిచి నడుం దాకా మునిగాడు, తర్వాత కూర్చున్నాడు. కనపడలేదు.

మాట వినపడింది. త్రయాన్ గొంతు. నవ్వుతూ, గబగబా, పాత త్రయాన్‌లాగే.

"మా సబీనా ఇవాళ కోడిని కోసింది. ఈకలు పీకుతూ ఏదో పాట పాడుకుంది. కాలు బాగైపోయిందండీ దానికి, మీ దయ. ఇంకేం చెప్పమంటారు? దాని పెళ్ళిబట్టల సంగతి చెప్పానా?"

ఆడవాళ్ళు నవ్వారు. చాలామంది. చేను మొత్తం నవ్వినట్టుంది.

త్రయాన్ అని అరిచాను. అంతా ఆగిపోయింది. ఆయన లేచి వచ్చాడు, జుట్టు నిండా గోధుమ ఊక. నన్ను చూశాడు. నోరు మూసుకునే ఉంది.

నా సంగతులన్నీ తీసుకెళ్ళి వాళ్ళకి చెబుతున్నాడు. నాకు చెప్పడానికి ఒక్కటీ మిగల్చడం లేదు.

జూలై 10

చేను కోసేశారు. ఇప్పుడు మొక్కజొన్న చేలోకి పోతున్నాడు.

నవంబర్ 18

మొక్కజొన్న కూడా అయిపోయింది. ఆయన కిటికీ దగ్గర కూర్చుని బోసి పొలం చూస్తుంటాడు. సంకటి పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నిన్న సబీనా ఎవరో చెప్పు అని అడిగాను. చాలాసేపు ఆలోచించి అత్తయ్యని చూపించాడు.

ఇవాళ దోబ్రె మామ ఇంటికి వెళ్ళాను. పాపం, అప్పట్నుంచి ఆయనకీ నిద్ర లేదట.

"ఒకరు లేవాలంటే ఒకరు పడాలమ్మా," అన్నాడు. "నీ కోసం వాడు పడ్డాడు. వాడి కోసం పడేవాణ్ణి నేనెక్కణ్ణుంచి తేను? అందరూ పిల్లలున్నవాళ్ళు. సగంమంది జర్మనీలో పనికి పోయారు."

"ఆడది పడకూడదా మామా?"

"ఆడది ఆటలోకి రాకూడదు."

"రాకూడదా, ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదా?"

ఆయన గ్లాసులో సారా పోసుకున్నాడు.

జూన్ 15, శనివారం

యేడు తిరిగింది, పండగ ఆలస్యంగా వచ్చింది, మళ్ళీ జెండా కట్టారు. ఈసారి మూగవాడి వేషం ఎవరూ కట్టలేదు. త్రయాన్ కోసం ఆడమని దోబ్రె మామని ఒప్పించాను. నేను చెయ్యబోయేది చెప్పలేదు. అత్తయ్యకీ చెప్పలేదు. ఆయనకి చెప్పాను, ఎటూ వినిపించుకోడు కనక. ఆ మాటలు చెవిన పడి ఉంటే ఇంట్లోంచి కదలనిచ్చేవాడు కాదు.

భయంగానే ఉంది. రొట్టె చేసి, ఇల్లు తుడిచి, ఉన్న బట్టలన్నీ ఉతికేశాను.

జూన్ 18, మంగళవారం

పెరట్లో ఆయన్ని పడుకోబెట్టారు. ఏ పాటకీ కదల్లేదు. ఫిడేలువాడికి చెమటలు పట్టాయి. చిట్టచివర ఏ ఊళ్ళోనూ వాయించని పాటొకటి తనకే తెలియకుండా వాయించాడు. త్రయాన్ పెదవి కదిలింది.

ఆట మొదలైంది. దోబ్రె మామ కర్ర ఎత్తగానే నేను ఆడవాళ్ళలోంచి బయటికొచ్చి ఇద్దరు ఆటగాళ్ళ మధ్య చోటు చూసుకుని నుంచున్నాను. ఎవరో జాకెట్టు పట్టుకుని లాగారు, వదిలించుకున్నాను. దోబ్రె మామ చూశాడు. కర్ర గాలిలో ఆగింది. ఆయన కళ్ళు తుడుచుకోవడం నాకు కనపడింది. తర్వాత కుండ పగలగొట్టాడు.

నీళ్ళు చల్లగా లేవు, వెచ్చగా ఉన్నాయి. పడ్డాను. నొప్పి లేదు. ఆకాశం మీద తెల్లటి మొహాలు గుండ్రంగా వంగి చూస్తున్నాయి. మా ఊరివాళ్ళు కాదు.

ఆ మొహాల మధ్యలోంచి త్రయాన్ వచ్చాడు. నన్ను ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సబీనా, ఏం చేశావే ఇది?" అన్నాడు.

ఎంత మంచి గొంతు. జవాబు చెప్పబోయాను.

జూన్ 27

పొద్దున్నుంచీ ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నాతో, కోళ్ళతో, ఏడుస్తూ అత్తయ్యతో. నాకు మాట లేదు, వింటున్నాను. బాగుంది. కాకపోతే సబీనా అని పిలిస్తే అది నన్నేనని తెలియడానికి కాస్త టైం పడుతోంది. అమ్మగార్లు నాకు వేరే పేరు పెట్టారు. అది రాయకూడదట.