పాప ఫారంలో నేను దాచిన మాట

అమ్మాయీ,

పాపకి మాటలెందుకు రాలేదో పరిశోధన చేసేవాళ్లు పదింటికొస్తారు. జన్యు పరీక్షకి ఉమ్మి తీసుకునేదాకా దానికి పాలు కూడా ఇవ్వకు. ఫారం ఫ్రిజ్ మీదుంది. "కుటుంబంలో ఇంకెవరైనా ఇలా ఉన్నారా" అన్నచోట మొన్న నేను లేరని చెప్పాను. అది కొట్టేసి, నాయనమ్మ తమ్ముడని, అంటే నా తమ్ముడని రాయి. చుట్టాలొస్తే వాణ్ణి వెనకగదిలో పెట్టి నేనే గొళ్లెం వేసేదాన్ని. ఈ సంగతి మీ ఆయనకీ తెలీదు. కడుపుతో ఉండగా మెట్లమీద జారిపడ్డందుకే పాపకిలా అయిందని ఇన్నేళ్లూ నువ్వు కుమిలిపోతున్నా నేను నోరు మెదపలేదు. పాపని నాకు దూరం చేస్తావేమోనని భయం. నీ ఎదుట పడలేక మా చెల్లెలింటికి వెళ్తున్నా. కోపం తగ్గితే ఒక్క మిస్డ్ కాల్ ఇవ్వు.

వాళ్లొచ్చినప్పుడు పాపని ముందుగదిలోనే కూర్చోబెట్టు.