పిల్లి గోలీ అత్తమ్మ తిన్నది

మంగళవారం, 1982

కొత్త పవర్‌లూమ్ చప్పుడుకు మా పిల్లి రాణి బుగులుపడి అటక దిగుతలేదు, తిండి ముడుతలేదు. మా ఆయన పశువుల దవాఖానకు పోతే డాక్టరు నవ్వి, భయం తగ్గేటందుకు చిన్న గోలీముక్క ఇచ్చిండట. దాన్ని నూరి పాలన్నంల కలిపి అటక కింద పెట్టిన. బోరింగు కాడికి పోయొచ్చేసరికి మా అత్తమ్మ మూతి తుడుచుకుంటాంది.

"నాకే పెట్టినవనుకున్న" అన్నది.

ఉరికి మా ఆయనకు చెప్పిన. మా ఆయన మళ్ల దవాఖానకు ఉరికిండు.

"ఆ ముక్క మనిషికేం చెయ్యదు, ఫికర్ చెయ్యకు" అన్నడట డాక్టరు.

అత్తమ్మ అంత చప్పుడుల మగ్గం పక్కనే చాప ఏసుకొని పండింది. కండ్లు మూసుకుంట, "నువ్వు మంచిదానివే పిల్లా" అన్నది. పెండ్లైనంక ఆమె నోట ఆ మాట ఇనుడు ఇదే మొదలు.

మనసుల నుంచి అన్నదో, మత్తుల అన్నదో. డాక్టరేమో ఏం చెయ్యదన్నడు. అయినా రేపు రాణికి తెచ్చేటప్పుడు రెండు తెమ్మందామా అని...