నలభై గ్రాములు

అమ్మా,

నాన్నకు షుగర్ బాగా పెరిగింది. నాంపల్లి డాక్టరు చెప్పినట్టు కేలరీలు లెక్కగట్టి పెడతానంటే, "తూకమేసిన బువ్వ నాకొద్దు" అని నిన్నటి నుంచి మొండికేసి కూర్చున్నాడు.

ఇవాళ నీ ఇత్తడి గిన్నెలో మూడు రోజులకు సరిపడా పప్పు వండి తూచాను. ఖాళీ గిన్నె బరువు ముందే చూసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"రెండు కిలోలు," అన్నాడు నాన్న. "అబిడ్స్‌ల తూకమేయించి మీ అమ్మకు నేనే తెచ్చిన."

పప్పు పూటకింత అని తూచి డబ్బాల్లో సర్ది, గిన్నె కడిగి తూచాను. నలభై గ్రాములు తక్కువ!

"నీ కాంటా తప్పు!" అని అరిచాడు. కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూపించాను. కాంటా సరిగ్గానే ఉంది.

నాన్న గిన్నె లాక్కుని అంచు తడిమాడు. దానిమీద చెక్కించిన నీ పేరు సగం అరిగిపోయింది.

"గంత గట్టిగ తోమకే అంటే విన్నవా?" అన్నాడు. నాతో కాదు.

తర్వాత, తూచిన డబ్బా ఒకటి తన ముందుకు జరుపుకున్నాడు.