అక్క పాటకి చవక కంప్రెసర్

జూన్ 3, సాయంత్రం

పాట రికార్డింగుకి కంప్రెసర్ వచ్చింది. రేడియోలు బాగుచేసే మావయ్య తన షాపు అటక మీంచి దించి ఇచ్చాడు. చవకరకం డబ్బా. నాబ్‌ల చుట్టూ అంకెలు సగం చెరిగిపోయాయి. ఆన్ చేస్తే సన్నగా గుర్రుమంటుంది. దీని పనేమిటి మావయ్యా అంటే, గొంతు లేచినప్పుడల్లా నొక్కుతుంది, ఆ తర్వాత మొత్తాన్నీ పైకెత్తుతుంది అన్నాడు. మీ అత్తయ్య నాకు చేసేదీ అదే, కాకపోతే పైకెత్తడం ఉండదు అన్నాడు. అత్తయ్య వెనకే ఉంది.

ఇన్నాళ్ళూ ఆ నొక్కే పని నాది. అక్కని చక్రాలున్న ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి, పాట పైకి వెళ్ళినప్పుడల్లా మైకు నుంచి వెనక్కి లాగేదాన్ని. నిన్న కుర్చీని బీరువాకి గుద్దాను. నీతో పాడాలంటే ముందు ఇన్సూరెన్స్ చేయించుకోవాలే అంది.

జూన్ 4

అక్క పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. అక్కడ తనకి ఒక్క క్షణం కూడా నచ్చదు. ఇంట్లో పాడితే కిటికీ అద్దం అదురుతుంది. ఎదురుగా ఒక మనిషి కూర్చుంటే మాత్రం గొంతు ఎండిపోతుంది. పోయినేడు నాటక బృందంలో గాయని కావాలంటే వెళ్ళి, రెండు పంక్తులు పాడి, మంచినీళ్ళు అడిగి, అవి వచ్చేలోపు ఇంటికి వచ్చేసింది. ఈ ఏడు ఆ బృందం మాస్టారు, ఏదైనా కొత్త పాట టేపు చేసి పంపినా వింటానన్నాడు. పదిహేనో తారీఖు లోపల. అక్కకి ఇంతకంటే మంచి అవకాశం రాదు.

పాట రాసింది నేను. నా మొదటి పాట. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టుకుంది. కాలేజీ లైబ్రరీలో నిఘంటువు తెరిచానంటే బెల్లు కూడా వినపడదు. నాలుగో పంక్తి ఇది: నిరంతర నిరీక్షణా నిశ్శబ్ద నిశ్వాసం. రాసిన రోజు అద్దం ముందు నిలబడి చాలాసార్లు చదువుకున్నాను.

జూన్ 6, మధ్యాహ్నం

అక్క పాడింది. దుప్పట్లు కట్టిన గోడవైపు తిరిగి, నన్ను వెనక కూర్చోబెట్టి. చాలా బాగా వచ్చింది. ఒక్కటే బాధ. మెల్లగా పాడిన చోట మాటల చివర్లు మింగేస్తోంది. నా మాటలు!

డబ్బాలో అటాక్ అని ఒక నాబ్ ఉంది. నొక్కడం ఎంత త్వరగా మొదలవ్వాలో అది చెబుతుంది. బాగా త్వరగా పెడితే క, ట, ప అన్నీ మొద్దుబారిపోతాయి. కాస్త ఆలస్యం చేస్తే ప్రతి అక్షరం మొదలు చురుగ్గా తగులుతుంది. ఇది నాకు నేనే కనిపెట్టాను. కాలేజీలో ఏ పాఠమూ నాకింత ఆనందం ఇవ్వలేదు.

జూన్ 7

పూర్తయింది. మా రికార్డరుకి నాలుగే ట్రాకులు. మూడింటిలో నా కీబోర్డు, అక్క పాట, అక్కే పాడిన రెండో గొంతు. మూడింటినీ కలిపి కంప్రెసర్ గుండా నాలుగో ట్రాకులోకి దించాను. గట్టిగా నొక్కాను. నొక్కుతున్నట్టు చూపే ఎర్ర లైట్లన్నీ వెలిగే ఉన్నాయి. ఒక్క అక్షరం పోలేదు! నిశ్వాసంలో వత్తు కూడా వినిపిస్తోంది. ఇక అక్కర్లేదనుకున్న ట్రాకులో బల్ల మీద వేళ్ళతో దరువు వేసి రికార్డు చేశాను. అక్క క్లినిక్ నుంచి వచ్చాక వినిపిస్తాను. ఆశ్చర్యపోవాలి.

జూన్ 7, మళ్ళీ

అక్క చివరిదాకా వింది. ఇదెవరే అని అడిగింది. నువ్వే అన్నాను. కాదే, ఇది టోకెన్ నంబర్లు పిలిచే నేను అంది. మెల్లగా పాడిందీ ఎలుగెత్తిందీ ఒకే ఎత్తులో ఉన్నాయి, మధ్యలో నా ఊపిరి ఆయాసం వచ్చినదానిలా వినపడుతోంది, సరే, అసలుది పెట్టు అంది.

అసలుది ఉన్న ట్రాకులో నా దరువు వచ్చింది. దాని కింద పాట చెరిగిపోయింది.

అక్క హెడ్‌ఫోన్లు తీసి వైరు చక్కగా చుట్టి బల్ల మీద పెట్టింది. అరిచి ఉంటే బాగుండేది.

జూన్ 8

మాట్లాడటం లేదు.

జూన్ 9

అమ్మ మా ఇద్దరినీ చూసి, మీరిద్దరూ మూతులు ముడుచుకున్నాక ఇల్లు ఎంత హాయిగా ఉందో, ఇంకో రెండ్రోజులు ఇలాగే కానివ్వండే అంది. నాన్న నవ్వాడు. మాకు నవ్వు రాలేదు. టేపు పంపడం మానేస్తానని అక్క అమ్మతో అందట. అది విన్న దగ్గర్నుంచి డబ్బా వైపు చూడలేకపోతున్నాను.

జూన్ 11, పొద్దున్నే

అక్క గదిలోకి వచ్చి, కూర్చోవే అంది. మైకు ముందు. నీ పాట నువ్వే చదువు, అద్దం ముందు చదివినట్టు చదువు అంది. (చూసిందన్నమాట.) నేను చదువుతుంటే తను నాబ్‌లు తిప్పింది. నాకు ఇష్టమైన చోట గొంతు పెంచాను. తర్వాత వినిపించింది. పెంచినట్టే లేదు. అప్పజెప్పిన పాఠంలా ఉంది. అక్షరాలన్నీ ఉన్నాయి, నా సంబరం లేదు.

ఎలా ఉంది అని అడిగింది. క్షమించమన్నాను. క్షమిస్తే పాట తిరిగొస్తుందా, మళ్ళీ పాడాలి, దానికి నాదో షరతు అంది. నాలుగో పంక్తి పాడుతుంటే కర్చీఫులు నోట్లో కుక్కుకున్నట్టుందట, ఊపిరి పీల్చడానికి సందు లేదట. మార్చమంది.

జూన్ 12

నిరంతర కొట్టేశాను. తర్వాత నిశ్శబ్ద. తర్వాత మొత్తం. ఎన్ని రాసినా ముందు మూడు పంక్తుల పక్కన బరువుగానే కూర్చున్నాయి. నాలుగో పంక్తి ఖాళీగా వదిలి కాగితం ఇచ్చాను. ఇక్కడేం పాడాలే అంది. నాకు తెలియదక్కా, నువ్వే చూసుకో అన్నాను. ఇలా అనడం నాకు కొత్త.

జూన్ 13, సాయంత్రం

ఇవాళ గోడవైపు తిరగలేదు. ఎదురుగా కూర్చో అంది. లైట్లు కాదు, నన్ను చూడు అంది. మొదటి పంక్తిలో గొంతు వణికింది. నేను చూపు తిప్పుకోలేదు. రెండో పంక్తికి సర్దుకుంది. గొంతు పైకి వెళ్ళబోతూ తనే మైకుకి కాస్త దూరం జరిగింది. నాలుగో పంక్తి దగ్గర కళ్ళు మూసుకుని ఒకే ఒక్క మాట పాడింది. అది నేను రాయలేదు.

కిటికీ అద్దం అదిరింది. టేపులో అదీ పడింది. ఉంచేశాం.

దించేటప్పుడు నాబ్ మీద ఇద్దరి చేతులూ ఉన్నాయి. ఎర్ర లైటు అప్పుడప్పుడూ వెలిగి ఆరిపోయింది.

జూన్ 14

టేపు ఇచ్చి వచ్చాం.

జూన్ 21

మాస్టారు సోమవారం నుంచి రిహార్సల్‌కి రమ్మన్నాడు. నాలుగో పంక్తిలో ఆ మాటకి అర్థమేమిటమ్మా అని అక్కని అడిగాడట. మా చెల్లిని తీసుకొస్తాను, అది చెబుతుంది అందట.

నిఘంటువులన్నీ వెతికాను. ఎక్కడా లేదు.

సోమవారం అక్క వాళ్ళందరి ఎదుటా పాడాక, విన్నారుగా, అర్థం అదే అని మాస్టారికి చెబుతాను.