చెరకాకు కోతలు

రోజ్ హిల్,
1912 జూలై

సౌభాగ్యవతి చెల్లెలు సుబ్బమ్మను అన్నయ్య దీవించి వ్రాయునది. ఇక్కడ నేనూ మీ వదినా క్షేమం. నా కూతుర్ని మంచానికి కట్టేసి, "మేమంతా కులాసా" అని నువ్వెట్లా రాశావో మాత్రం అర్థం కాలేదు.

రామభజనలో కన్నమ్మ నూనె పోస్తుండగా దీపం ఆరిందనీ, అందుకే మతి చెడిందనీ అన్నావు. పోయిన తుఫానుకి మీ బెల్ ఎయిర్‌లో ఒక్క దీపమైనా నిలిచిందా? ఆ లెక్కన ఊరంతా పిచ్చివాళ్లే కావాలి. పురుడు వచ్చిన దగ్గర్నుంచీ దానికి నిద్ర లేదనీ, గోడతో మాట్లాడుతోందనీ నీ ఉత్తరంలోనే ఉంది. జబ్బు ముందొచ్చింది, దీపం తరవాత ఆరింది.

అది కన్నమ్మ పుట్టింటి రక్తంలోనే ఉందన్నావు. కన్నమ్మ పుట్టిల్లంటే నా ఇల్లు. నీ పుట్టిల్లూ అదేనే! మేనకోడలే కావాలని పట్టుబట్టి నీ కొడుకు రామలుకి చేసుకున్నావు. పెళ్లికి ఒకటే రక్తం, పిచ్చికి వేరే రక్తమా?

ఇక్కడి మార్సెల్ డాక్టర్ని అడిగాను. కారణం ఒక్కటే ఉండదన్నాడు. కాన్పు, నిద్రలేమి, ఒంట్లో అణిగిన జ్వరం, మనసులో దిగులు, కొన్ని ఇళ్లలో తరాలుగా వచ్చే బలహీనత. ఎవరిలో ఏవి కలిశాయో ఆయనకే తెలియదట. చాలామంది కోలుకుంటారట. "పా సో ఫోత్, అప్పయ్యా," అన్నాడు, అంటే ఆ పిల్ల తప్పేమీ లేదని.

మీ పూజారి వేపమండలతో కొట్టి బాగుచేస్తాడా? జ్వరమొస్తే ఆయనే డిస్పెన్సరీకి పరిగెత్తుతాడు. ఆయన ఒంటికి మందు, నా కూతురి ఒంటికి మండలా?

ఇక నాన్న ఒట్టు వేయించుకున్న మాట. ఇవాళ ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. నువ్వు పుట్టాక అమ్మకీ ఇదే జబ్బు వచ్చింది. నిన్ను తన బిడ్డ కాదంది. ఎస్టేటు కొట్టంలో గుంజకు కట్టారు. చివరికి పక్కింటి చెల్లమ్మ వచ్చి, నాన్నను తిట్టి తాడు విప్పింది. నిన్ను తను ఎత్తుకుపోయి, అమ్మను నిద్రపోనిచ్చింది. మెల్లగా అమ్మ మనకు తిరిగి దక్కింది. నీకు తెలిసిన అమ్మ, నువ్వు రోజూ తలుచుకునే ఆ ఓర్పుగల అమ్మ, ఆమే.

అమ్మ మణికట్ల మీద మచ్చలేమిటని చిన్నప్పుడు అడిగేదానివి. చెరకాకు కోసిందని చెప్పేది. చెరకాకు కాదు సుబ్బమ్మా, తాడు.

శనివారం రైలుకి డాక్టర్ని వెంటబెట్టుకుని వస్తున్నాను. ఈ ఉత్తరం చదివిన మరుక్షణం కట్లు విప్పు. బిడ్డను నువ్వు చూసుకో. కన్నమ్మ పక్కనే ఎవరో ఒకరు ఉండండి, నిద్రపోనివ్వండి. విప్పకపోతే, రేపు నీ మనవడు వాళ్లమ్మ చేతులు చూసి అదే ప్రశ్న అడుగుతాడు. వాడికి చెరకాకని చెప్పడానికి నీకు నోరొస్తుందేమో ఇప్పుడే ఆలోచించుకో.

ఇట్లు,
నీ కోపిష్ఠి అన్నయ్య,
అప్పయ్య