నాసర్ పిడికిలి

లాలాగూడ, సికింద్రాబాద్
1948 డిసెంబర్

నా బంగారు తల్లి బానోకు అమ్మ దువా.

ఇక్కడ నేనూ మీ నాయనా బాగున్నాం. నువ్వూ అల్లుడూ పసివాడూ చల్లగా ఉండాలని రోజూ అల్లాను వేడుకుంటున్నాను. బెజవాడకు టపా మళ్ళీ నడుస్తున్నది. నీ ఉత్తరం అందింది.

పిల్లవాడి వేళ్ళు లోపలికి వంగి ఉన్నాయని, గ్రహణం నాడు నువ్వు కూర కోసినందుకే అట్లా పుట్టాడని మీ అత్త గులాబ్ బీ అంటున్నదని రాశావు. గ్రహణం కాదమ్మా. అది మా పుట్టింటి నుంచి వచ్చింది. మా నాయన చేతులు అట్లాగే ఉండేవి. నాకు కాలి వేళ్ళకు వచ్చింది, మీ అన్న నాసర్‌కు రెండు చేతులకూ వచ్చింది. ఈ ముక్క మీ అత్తకు చదివి వినిపించు.

వేళ్ళకు వెదురుబద్దలు కట్టించనా అని అడిగావు. వద్దు. నాసర్‌కు కట్టాం. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడు గానీ వేళ్ళు సాగలేదు. ఆ చేతులతోనే దూది ఏకడం నేర్చుకున్నాడు. "పిడికిట్ల ఏం దాసినవ్ రా?" అని వాడలో పిల్లలు ఎక్కిరిస్తే, "బెల్లం! నీకియ్య పో" అని నవ్వేవాడు.

అన్న ఎందుకు రాయడం లేదని అడిగావు. నిండు చూలాలివి, తర్వాత పచ్చి బాలింతవు, పాలు ఎండిపోతాయని భయపడి దాచాను. గుండె గట్టి చేసుకో తల్లీ. మీ అన్న లేడు.

సెప్టెంబర్‌లో యూనియన్ పటాలాలు దిగిన వారంలోనే దూది కోసం మీ నాయనా వాడూ భువనగిరి వైపు పోయారు. దారిలో తుపాకులవాళ్ళు ఆపారు. ఎవరి మనుషులో నాయనకు తెలియదు. చేతులెత్తించి, పిడికిలి తెరవమన్నారు. "గివి తెరుసుకోవు సాబ్, పుట్టినప్పటి సంది గంతే" అన్నాడట వాడు, అలవాటు కొద్దీ నవ్వుతూ. నవ్వుతావా అని ఒకడు తుపాకి ఎత్తాడట. "నా కొడుకు చేతుల ఏం లేదయ్యా, పట్టి సూడు" అని మీ నాయన వాళ్ళ కాళ్ళ మీద పడుతుండగానే వాణ్ణి కాల్చారు. తర్వాత వేళ్ళు లాగి చూశారు. ఏముంటుంది అందులో?

పిల్లవాడికి మేనమామతో పేరు పెట్టించమని రాశావు. నువ్వే పెట్టుకో. నాసర్ అని మాత్రం పెట్టకమ్మా. ఈ పొద్దున కూడా మరిచిపోయి రెండో కంచంలో వడ్డించి, "నాసర్, అన్నం తిందువు రా" అని పిలిచాను. మీ నాయన అప్పటికే తిని చెయ్యి కడుక్కున్నాడు. మళ్ళీ వచ్చి ఆ కంచం ముందు కూర్చున్నాడు.

ఇట్లు,
నిన్నూ వాణ్ణీ కన్న నీ అమ్మ,
జాన్ బీ