కళ్లంలో కాయ ఉందని

మార్చి 7, 2003

కోడలు సుజాతను ఈరోజు గుంటూరులో డాక్టరమ్మకు చూపించాను. రెండు ట్యూబులూ మూసుకుపోయాయట. ఇక కడుపు రావడం కష్టమట. "ముందెప్పుడైనా అబార్షన్ చేయించారా?" అని అడిగింది. సుజాత నా వంక చూసింది. నేనే చెప్పాను.

ఆరేళ్ల క్రితం, మనవరాలికి ఎనిమిది నెలలైనా నిండకుండానే సుజాతకు మళ్లీ నెల తప్పింది. కడుపు తీయించాలన్నది నేనే. ఆసుపత్రికి వెళ్దామంది తను. కళ్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, మబ్బు పట్టింది. వదిలి రాలేనని మంత్రసానిని ఇంటికే పిలిపించాను. తర్వాత వారం రోజులు సుజాత జ్వరంతో, నొప్పితో మూలిగింది. కడుపు సంగతే తెలియని మా అబ్బాయితో, అది మలేరియా జ్వరమని చెప్పాను.

ఇవాళ తిరిగొచ్చేటప్పుడు బస్సులో అంది: "రెండో కాన్పు లేదని ఇన్నేళ్లూ నన్నే దెప్పారు అత్తయ్యా. మీ అబ్బాయికి మీరే చెప్పండి."

నిజమే, దెప్పాను. నోములు కూడా పట్టించాను.

ఇందాక ఆనాటి డైరీ తీశాను. ఏ రోజుదీ తప్పు రాయలేదనుకునేదాన్ని. "సుజాతకు జ్వరం. కాయ బాగా ఎండింది. వాన పడలేదు" అని ఉంది.

ఆ జ్వరం ఎందుకొచ్చిందో పక్కన ఇప్పుడు రాశాను. పొద్దున ఆ పేజీ అబ్బాయి చేతికివ్వాలి. చదివాక వాడు ఏమడిగినా సుజాత కాదు, నేనే జవాబు చెప్పాలి.